ఇల్లు కాలితే ఊరంతా కట్టుడు: మెన్నోనైట్ల పరస్పర సాయం ఫండ్ల చరిత్ర, తరచుగా అడిగే ప్రశ్నలు

మాది నాగర్‌కర్నూల్ దిక్కు. మా ఎంబీ చర్చిల చావుకు, ఆస్పత్రికి సాయం చేసే చిన్న ఫండ్ ఒకటి ఉంది, దాని లెక్కల పుస్తకం నా దగ్గరనే ఉంటది. మన సంఘానికి మూలమైన మెన్నోనైట్లు నాలుగు వందల ఏండ్ల కిందనే ఇట్లాంటి ఫండ్లు నడిపిన్రని ఒకసారి మీటింగ్‌ల చెప్పిన, అప్పటిసంది ఆదివారం ఆరాధన అయినంక ఒకరు, ఫోన్ చేసి ఒకరు అవే డౌట్లు అడుగుతనే ఉన్నరు. అందుకే అన్నీ ఒక్క కాడ రాసి పెడుతున్న. మీకు కావాల్సిన ప్రశ్న కాడికి సీదా పోయి చదువుకోవచ్చు.

## ముందుగాల తెలుసుకోవాల్సినవి

ఎంబీ చర్చి అంటే మన పాలమూరు చర్చే కదన్నా, దానికి ఇన్సూరెన్స్‌కి ఏం సంబంధం?

ఎంబీ అంటే మెన్నోనైట్ బ్రెదరెన్. మెన్నోనైట్లు అనే పేరు మెన్నో సైమన్స్ అనే ఆయన మీద వచ్చింది, ఆయన డచ్చి దేశంల క్యాథలిక్ ఫాదర్‌గా ఉండి 1536ల ఆ పని వదిలేసి ఈ విశ్వాసంలకు వచ్చిండు. వీళ్లు పెద్దయినంకనే బాప్తిస్మం అంటరు, కత్తి పట్టం, సైన్యంల చేరం అంటరు. ఆ రోజుల్ల రాజులు, చర్చిలు రెండూ వీళ్లను తరిమి తరిమి కొట్టినయి, కాల్చి చంపినయి. రాజు ఆదుకోడు, పెద్ద చర్చి ఆదుకోదు, ఇగ మిగిలింది ఒకరికొకరే. గలతీయులకు రాసిన పత్రిక 6వ అధ్యాయం 2వ వచనంల ఒకరి భారం ఒకరు మోయమని ఉన్నది, వీళ్లు దాన్ని ప్రసంగం కాడనే ఆపకుండ రిజిస్టర్ల దాకా తీసుకపోయిన్రు. ఈ చరిత్ర అంతా ఆ రిజిస్టర్ల చరిత్రనే.

మ్యూచువల్ అంటే ఏంది? మామూలు ఇన్సూరెన్స్ కంపెనీ లెక్కనే కాదా?

మామూలు కంపెనీకి ఓనర్లు వేరే ఉంటరు, షేర్లు కొన్నోళ్లు. పాలసీ కట్టే మనం కస్టమర్లం, మిగులు వస్తే అండ్ల వాళ్లకు వాటా. మ్యూచువల్‌ల కట్టేటోళ్లే ఓనర్లు. మిగిలితే అందరిది, తక్కువపడితే అందరి మీద పడ్తది. మంచి మాటల్ల చెప్పాలంటే పరస్పర బీమా, మన ఊరి మాటల్ల చెప్పాలంటే అందరం కలిసి ఒకరికి పెట్టుకునుడు.

చిట్టీకి దీనికి తేడా ఏంది?

చిట్టీల అందరికీ వంతు వస్తది, ఈ నెల నువ్వు ఎత్తుకుంటవ్, వచ్చే నెల ఇంకొకరు ఎత్తుకుంటరు, నీ పైసలు నీకే తిరిగొస్తయి. ఇక్కడ నీ వంతు రావద్దనే కోరుకుంటవ్. ముప్పై ఏండ్లు కట్టి రూపాయి వాపస్ రాకుంటే నీ ఇల్లు కాలలేదు, నీ ఇంట్ల చావు కాలేదు అన్నట్టు. చాలామందికి ఈ ఒక్క ముక్క మింగుడు పడదు, "నేను కట్టింది ఏమాయె" అని నన్ను అడగని నెల లేదు.

## పాత కాలం: పోలాండ్, రష్యా

ఈ సాయం ఫండ్ 1623ల మొదలైంది అంటరు, నిజమేనా?

నిజమే. డచ్చి దేశంల హింస తట్టుకోలేక చానామంది మెన్నోనైట్లు విస్తులా నది సముద్రంల కలిసే కాడికి, ఇప్పటి పోలాండ్‌లకు పోయిన్రు. అదంతా బురద నేల. నీళ్లు తోడేసి, కట్టలు పోసి సాగులకు తెచ్చుడు వీళ్లకు వచ్చిన విద్య, అందుకే అక్కడి జమీందార్లు వీళ్లకు జాగ ఇచ్చిన్రు. అక్కడ టీగెన్‌హోఫ్ అనే ఊరి కేంద్రంగా 1623ల అగ్ని ప్రమాదాల సాయానికి కట్టుబాటు రాసుకున్నరు. దాన్ని జర్మన్‌ల బ్రాండ్‌ఆర్డ్‌నుంగ్ అంటరు, అంటే నిప్పు గురించిన కట్టుబాటు. ఆ ఊరు ఇప్పుడు నోవి ద్వోర్ గ్దాన్‌స్కి అనే పేరుతోని ఉంది. లండన్ నగరం కాలింది 1666ల, అక్కడ అగ్ని బీమా ఆఫీసులు ఆ తర్వాతనే లేచినయి, వాటికంటే నలభై ఏండ్లకు పైన ముందటి సంగతి ఇది.

ఇల్లు కాలితే లెక్క ఎట్ల కట్టేటోళ్లు? ముందే ప్రీమియం తీసుకునేటోళ్లా?

ముందుగాల ఏం తీసుకోరు, అసలు విషయం అదే. ప్రతి ఇంటాయన తన ఇల్లు, కొట్టం ఎంత విలువ చేస్తయో పుస్తకంల రాపిస్తడు. ఎవరిదన్నా కాలితే ఊరోళ్లు ఎన్నుకున్న ఒక పెద్దమనిషి పోయి చూసి నష్టం ఇంత అని తేలుస్తడు, ఆ నష్టాన్ని అందరి మీద రాపించుకున్న విలువ ప్రకారం పంచుతరు.

మన లెక్కల చెప్త. ఊర్ల అందరి ఇండ్ల విలువ కలిపి రెండు కోట్లు అనుకోండ్రి. ఒకాయనది కాలి మూడు లక్షల నష్టం అయింది. అంటే నూటికి రూపాయిన్నర. నాలుగు లక్షల ఇల్లు రాపించినాయన ఆరు వేలు, పది లక్షలది రాపించినాయన పదిహేను వేలు ఇయ్యాలె. ఎక్కువ రాపిస్తే కాలినప్పుడు ఎక్కువ వస్తది, కానీ పక్కోనిది కాలిన ప్రతిసారి ఎక్కువ కట్టాలె, అందుకే ఎవ్వడూ దొంగ విలువ రాపియ్యడు. ఎంత తెలివైన ఏర్పాటో చూడండ్రి, చెకింగ్ ఆఫీసర్ అక్కర లేకుండనే లెక్క సరిగ్గ ఉంటది.

పైసలే కాదు, కలప, గడ్డి, బండ్లు, మనుషుల కష్టం కూడా సాయంలకే వచ్చేది. వాళ్ల ఇండ్లు ఎట్ల ఉంటయంటే మనుషులు ఉండే ఇల్లు, పసుల కొట్టం ఒకే కప్పు కింద ఒకదానికొకటి ఆనుకొని ఉంటయి, ఒక దిక్కు నిప్పంటుకుంటే ఇల్లు, గడ్డి, పశువులు అన్నీ ఒక్క రాత్రిల పోతయి.

దేవరకొండ దిక్కు మా మేనత్తోళ్ల ఊర్ల ఎండాకాలం ఒకాయన కొట్టం కాలితే నేను కండ్లార చూసిన. పొద్దుగాల బిందెలతోని ఉరికొచ్చినోళ్లే పొద్దుగూకే వరకు ఒకరు రెండు వాసాలు, ఒకరు తాటి కమ్మలు, ఒకరు బర్రెకు రెండు మోపుల గడ్డి పట్టుకొచ్చిన్రు. మనసు నిండింది ఆ రోజు. కానీ ఎవరు ఏమిచ్చిన్రో ఎవ్వరూ రాయలే. మరుసటేడు ఇంకొకరి గడ్డివాము కాలినప్పుడు "ఆయన అప్పుడు మాకేం పెట్టిండు" అని పంచాయితీ అయి, సగం మంది ఇంట్ల నుంచి బయటికే రాలే. మెన్నోనైట్లకు మనకంటే మంచి మనసు ఉండెనని కాదు, వాళ్ల దగ్గర పుస్తకం ఉండె.

తండ్రి చనిపోతే పిల్లల ఆస్తి ఎవరు చూసేటోళ్లు? ఆడపిల్లకు భాగం ఉండెనా?

దీనికి వైజెనామ్ట్ అని వేరే ఏర్పాటు ఉండె, అంటే అనాథల ఆఫీసు. రష్యా రాణి క్యాథరిన్ పిలుపు మీద మెన్నోనైట్లు 1789ల ఖోర్తిత్సా, 1804ల మొలోచ్నా అనే కాలనీలు కట్టుకున్నరు, రెండూ ఇప్పటి ఉక్రెయిన్‌ల ఉన్నయి. అక్కడ భర్త గానీ భార్య గానీ పోతే ఆస్తి మొత్తం లెక్క రాసి, సగం బతికున్నోళ్లకు, మిగిలిన సగం పిల్లలందరికీ సమానంగ పంచేటోళ్లు. కొడుకులు, బిడ్డలు అని తేడా లేదు. మన దేశంల హిందూ వారసత్వ చట్టం 1956ల వచ్చింది, ఉమ్మడి ఆస్తిల బిడ్డకు కొడుకుతోని సమాన హక్కు దేశమంతటికి వచ్చింది 2005 సవరణతోనే. వాళ్లు రెండు వందల ఏండ్ల కింద ఇది చేస్తుండిరి.

పిల్లలు చిన్నోళ్లయితే వాళ్ల వాటాకు సంరక్షకులను పెట్టేటోళ్లు, తల్లి మళ్ల పెండ్లి చేసుకున్నా పిల్లల వాటా కొత్త భర్త చేతిల పడకుండ ముందే పక్కకు పెట్టేటోళ్లు. ఆ పైసలు ఖాళీగ ఉంచకుండ ఊరోళ్లకే వడ్డీకి ఇచ్చి, పిల్లలు పెద్దయినంక వడ్డీతోని కలిపి చేతిల పెట్టేటోళ్లు. అంటే అనాథల ఆఫీసే ఊరికి బ్యాంకు కూడా అయింది.

మన నల్లగొండకు వచ్చిన మిషనరీ దొరలు ఈ ఫండ్ ఇక్కడికి తెచ్చిన్రా?

వాళ్లు తెచ్చింది సువార్త, బడులు, దవాఖానలు. బ్రాండ్‌ఆర్డ్‌నుంగ్ ఇక్కడ పెట్టిన్రని నేను ఎక్కడా చెప్పలే, మీటింగ్ తర్వాత ఆ మాట ఎట్లనో పాకింది. కానీ వాళ్లు వచ్చింది ఆ అలవాటు ఉన్న ఇండ్ల నుంచే. రష్యా మెన్నోనైట్ బ్రెదరెన్ నుంచి అబ్రహాం ఫ్రీజన్, ఆయన భార్య మరియా 1890 ప్రాంతంల నల్లగొండకు వచ్చి అమెరికన్ బాప్తిస్టు మిషన్ కింద పని చేసిన్రు. అమెరికా నుంచి ఎన్. ఎన్. హీబర్ట్ దంపతులు 1899ల హైదరాబాద్ వచ్చిన్రు. ఆ తర్వాతనే నాగర్‌కర్నూల్, దేవరకొండ, వనపర్తి, కల్వకుర్తి, గద్వాల దిక్కు ఎంబీ స్టేషన్లు లేచినయి, జడ్చర్లల దవాఖాన వచ్చింది.

మన సంఘాలల్ల ఉన్న గుప్పెడు బియ్యం అలవాటు మాత్రం మనదే. మా నాయనమ్మ పొద్దుగాల ఎసట్ల బియ్యం పోసేముందు ఒక గుప్పెడు తీసి పొయ్యి పక్కన కుండల వేసేది, ఇంట్ల తినేటోళ్లు ఎందరున్నా ఆ గుప్పెడు తప్పేది కాదు, ఆదివారం ఆ కుండ కొంగుకింద పెట్టుకొని చర్చికి తెచ్చేది.

## అమెరికా కథ

జీవిత బీమా చేసుకునుడు పాపం అనేటోళ్లట, ఎందుకు?

పాత మెన్నోనైట్ పెద్దలు అట్లనే అన్నరు, వాళ్ల కారణాలు వాళ్లకున్నయి. ఒకటి, రేపటి గురించి చింత పడకుండ దేవుని మీద భారం వెయ్యాలె గదా, నా చావు మీద కంపెనీతోని ఒప్పందం ఏంది అని. రెండు, అవిశ్వాసులతోని ఒకే కాడి కింద జోడు కట్టొద్దన్న వాక్యం ఉంది, బయటి కంపెనీ అంటే అదే కాడి అని. మూడోది నాకు అన్నిట్లకంటే బలమైందనిపిస్తది: విధవరాలిని చూసుకునుడు సంఘం పని, ఆ పని కంపెనీకి అప్పజెప్తే సంఘం దేనికి అని.

అయితే ఇల్లు కాలినంక పంచుకొని కట్టుకునే అగ్ని ఫండ్ల మీద వాళ్లకు అంత అభ్యంతరం లేకుండె. కెనడాల ఒంటారియో మెన్నోనైట్లు 1866ల ఎయిడ్ యూనియన్ పెట్టుకున్నరు. రష్యాల సైన్యం మినహాయింపు పోతదని 1874 నుంచి వేలమంది అమెరికా, కెనడా పోయిన్రు, వాళ్లు కాన్సాస్‌ల 1880ల అగ్ని బీమా మ్యూచువల్ పెట్టుకున్నరు. సామాన్ల మూటలతోపాటు కట్టుబాటు కూడా మోసుకపోయినట్టే.

1945ల మెన్నోనైట్ మ్యూచువల్ ఎయిడ్ ఎందుకు పెట్టాల్సి వచ్చింది?

యుద్ధం వల్ల. రెండో ప్రపంచ యుద్ధంల అమెరికాల మేం తుపాకి పట్టం అని చెప్పిన పిల్లలకు సర్కారు వేరే పని చూపెట్టింది: అడవులల్ల చెట్లు నాటుడు, నేల కోత ఆపుడు, పిచ్చాసుపత్రులల్ల సేవ చేసుడు. 1941 నుంచి 1947 దాకా సుమారు 12,000 మంది ఈ పనిల ఉన్నరు, అండ్ల 4,600 మందికి పైన మెన్నోనైట్లే. జీతం లేదు. క్యాంపుల ఖర్చు చర్చిలే మోసినయి.

యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు 1944 చట్టం కింద సర్కారు చదువుకు పైసలు, ఇంటికి లోన్ ఇచ్చింది. ఈ పిల్లలకు ఏమీ లేదు. నాలుగేండ్లు ఉత్తగ పని చేసి ఇంటికొచ్చినోనికి ఎడ్లు లేవు, భూమి లేదు, చదువు సగంల ఆగింది. వాళ్లకు అప్పులు ఇచ్చి నిలబెట్టాలని ఇండియానా రాష్ట్రం గోషెన్‌ల ఈ సంస్థ మొదలైంది. అంటే పుట్టింది బీమా కోసం కాదు, మనస్సాక్షి కోసం నష్టపోయిన పిల్లల కోసం. ఆస్పత్రి ఖర్చుల సాయం 1949ల కలిసింది.

ఇన్సూరెన్స్ అనే మాట కావాలనే వాడలేదా?

అవును, "ఎయిడ్" అన్నరు, అంటే సాయం. పేరు మార్చి అదే పని చేస్తే మోసం కాదా అని మా సంఘంల ఒక తమ్ముడు గట్టిగ అడిగిండు. నా లెక్క ప్రకారం మోసం కాదు. బీమా అంటే నాకు హక్కు ఉంది, సాయం అంటే నాకు బాధ్యత ఉంది అని మనసుల పడ్తది. మాట ఏది వాడితే మనిషి పుస్తకం కాడికి అట్లనే వస్తడు. కానీ ఆస్పత్రి బిల్లులు పెరిగినంక వయసు లెక్కలు, ముందునుంచి ఉన్న రోగాలు, రిజర్వులు అన్నీ వాళ్లకూ తప్పలే, పోను పోను కంపెనీ లెక్కనే నడపాల్సి వచ్చింది. ఇది బాధగ ఉన్నా ఉన్నదే చెప్పాలె.

ఆమిష్ రైతు గుర్రాలను సర్కారు గుంజుకపోయిందట, అదేం కథ?

ఆమిష్ వాళ్లు మెన్నోనైట్లకు దాయాదులు, కార్లు కరెంటు లేకుండ బతికేటోళ్లు. మా ముసలోళ్లను మేమే చూసుకుంటం, సర్కారు సోషల్ సెక్యూరిటీ (ముసలోళ్ల పెన్షన్) మాకొద్దు, అందుకే ఆ పన్ను కట్టం అన్నరు. 1961ల పెన్సిల్వేనియాల వాలెంటైన్ బైలర్ అనే రైతు దున్నుతుంటే పన్ను అధికారులు వచ్చి మడికట్టు కాడనే మూడు గుర్రాలను పట్టుకపోయి వేలం వేసిన్రు. బాకీ సుమారు 309 డాలర్లు. దేశమంతా గగ్గోలు అయింది. 1965ల మెడికేర్ (ముసలోళ్ల ఆస్పత్రి ఖర్చుల స్కీమ్) చట్టంతోపాటే, తమోళ్లను తామే చూసుకునే ఇట్లాంటి మత సమూహాలల్ల సొంత పని చేసుకునేటోళ్లకు మినహాయింపు ఇచ్చిన్రు.

మెన్నోనైట్ మ్యూచువల్ ఎయిడ్ సంస్థ ఇప్పుడు ఉందా?

ఉంది, పేరు మారింది. 2010ల ఒక మెన్నోనైట్ క్రెడిట్ యూనియన్‌తోని (సభ్యులే నడుపుకునే పొదుపు, అప్పుల సంఘం) కలిసి ఎవరెన్స్ అయింది, ఇప్పటికీ గోషెన్‌లనే ఉంది. అదే ఏడు అమెరికా మెన్నోనైట్ చర్చి తన పాస్టర్లందరికీ ఆరోగ్య బీమా దొరకాలని కొరింథియన్ ప్లాన్ తెచ్చింది. కలిగిన సంఘం లేని సంఘానికి పెట్టాలనే రెండో కొరింథీ పత్రిక 8వ అధ్యాయం మీద ఆ పేరు.

మెన్నోనైట్లే కాకుండ ఇంకెవరన్న ఇట్ల పెట్టిన్రా?

మస్తు మంది. స్కాట్లాండ్‌ల రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అనే ఇద్దరు పాస్టర్లు చనిపోయిన పాస్టర్ల భార్యాపిల్లల కోసం 1744ల ఫండ్ పెట్టిన్రు, కాలిన్ మెక్లారిన్ అనే గణితం ప్రొఫెసర్ లెక్కలు చూసిండు, ఏటా ఎందరు పోతరో ముందే అంచనా కట్టి నడిపిన తొలి ఫండ్లల్ల అది ఒకటి. ఇంగ్లండ్‌ల క్వేకర్లు అనే క్రైస్తవ సంఘపోళ్లు 1832ల ఫ్రెండ్స్ ప్రావిడెంట్ అనే మ్యూచువల్ పెట్టిన్రు, అది 2001ల మ్యూచువల్ కాకుండ పోయి షేర్ల కంపెనీ అయింది. అమెరికాల మైఖేల్ మెక్‌గివ్నీ అనే క్యాథలిక్ ఫాదర్ 1882ల నైట్స్ ఆఫ్ కొలంబస్ అనే పరస్పర సాయం సంఘం పెట్టిండు. సెమినరీల ఉన్నప్పుడే ఆయన తండ్రి పోయిండు, ఇంట్ల మగదిక్కు పోతే ఏమైతదో ఆయనకు ఒకరు చెప్పక్కర్లే.

ఇట్లాంటి ఫండ్లు ఎప్పుడన్న మునిగినయా?

మునిగినయి. కెనడాల మానిటోబాకు పోయిన మెన్నోనైట్లు అనాథల ఆఫీసులు అక్కడా పెట్టుకున్నరు. పిల్లల పైసలు రైతులకు భూముల మీద అప్పు ఇచ్చిన్రు. 1930ల మాంద్యంల పంట ధరలు పడిపోయినయి, అప్పులు రాలే, దాచుకున్నోళ్లు ఒక్కసారే వాపస్ అడిగిన్రు, ఆఫీసులు కుప్పకూలినయి. తీసుకున్నోడు సంఘపాయనే, ఇచ్చినోడు సంఘపాయనే, గట్టిగ అడుగుదామంటే మొహమాటం. నిప్పు ఒక ఇంటిని కాలుస్తది, కరువు అందరినీ ఒక్కసారే పట్టుకుంటది. అందరికీ ఒకేసారి వచ్చే కష్టానికి ఒక్క ఊరి ఫండ్ ఆగదు.

## మన దగ్గరి సంగతి

మన దేశంల ఇట్లాంటి మ్యూచువల్ ఉండెనా?

ఉండె. 1870ల మొదలైన బాంబే మ్యూచువల్ లైఫ్ అస్యూరెన్స్ సొసైటీని మన దేశంల తొలి స్వదేశీ జీవిత బీమా సంస్థ అంటరు. అంతకుముందు తెల్లోళ్ల కంపెనీలు భారతీయుల ప్రాణానికి ఎక్కువ ప్రీమియం తీసుకునేటివి, ఇది అందరికీ ఒకే రేటు పెట్టింది. 1956ల సర్కారు 154 దేశీ కంపెనీలు, 16 విదేశీ కంపెనీలు, 75 ప్రావిడెంట్ సొసైటీలు కలిపి మొత్తం 245 తీసుకొని సెప్టెంబర్ 1న ఎల్‌ఐసీ చేసింది. మన ప్రాంతంల నిజాం సర్కారు 1907ల ఉద్యోగుల కోసం ఫ్యామిలీ పెన్షన్ ఫండ్ పెట్టింది, ఇప్పుడు టీచర్ల జీతాలల్ల కోతపడే సర్కారు జీవిత బీమా దాని వారసురాలే.

మా సంఘంల మేమే బీమా పెట్టుకోవచ్చా?

పాలసీ అమ్మొద్దు. ప్రీమియం తీసుకొని చనిపోతే ఇంత ఇస్తమని మాట రాసిస్తే అది బీమా, దానికి ఐఆర్‌డీఏఐ (బీమా కంపెనీల మీద సర్కారు పెట్టిన నియంత్రణ సంస్థ) రిజిస్ట్రేషన్ కావాలె, కనీస పెట్టుబడి 100 కోట్లు. సభ్యులు చందా వేసుకొని, ఉన్నదాంట్ల నుంచి కష్టంల ఉన్నోళ్లకు సాయం చేసుడు వేరే. రసీదు మీద "సాయ నిధి చందా" అనే రాయండ్రి, "గ్యారంటీ" అనే మాట నోటితోని కూడా అనొద్దు. సొసైటీ రిజిస్టర్ చేసుకునేముందు ఒక ఆడిటర్‌ని కలవండ్రి.

రైతు బీమా, ఆరోగ్యశ్రీ ఉన్నంక ఈ ఫండ్ ఎందుకు?

అవి పెద్ద అండనే, కాదనలే. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్‌ల మొదటగ పెట్టిన మూడు జిల్లాలల్ల మన మహబూబ్‌నగర్ ఒకటి. రైతు బీమా 2018 నుంచి ఉంది, 18 నుంచి 59 ఏండ్ల రైతు ఏ కారణంతోని పోయినా ఇంటోళ్లకు 5 లక్షలు, ప్రీమియం సర్కారే కడ్తది. కానీ పట్టా పేరు మీద ఉండాలె. మొదటిసంది కౌలు రైతుకు లేదు, అరవై దాటిన ముసలాయనకు లేదు. ముంబై, పుణె దిక్కు కూలికి పోయి అక్కడ పోయినోని శవం ఊరికి తెచ్చే అంబులెన్స్ కిరాయి ఆ రాత్రికి ఏ స్కీమ్‌ల నుంచీ రాదు. మా పుస్తకంల ఎక్కువ సార్లు పడ్డ పద్దు అదే.

పుస్తకంల ఏమేం రాసుకోవాలె?

మా దగ్గర లెడ్జర్ ఒక్కటే, దాంట్ల తారీఖు, ఇంటి పేరు, వచ్చింది, పోయింది, మిగిలింది, ఇద్దరు సాక్షుల సంతకాలు. సాక్షులల్ల ఒకరు తప్పకుండ ఆడమనిషి, ఇది మా సంఘం ఆడోళ్లు పట్టుబట్టి పెట్టిపిచ్చిన కట్టుబాటు, మంచిదైంది. సాయం ఎవరికి పోయిందో నెల చివరి ఆదివారం పేరు చెప్పకుండ మొత్తం ఎంతనో మాత్రం చదువుతం. పుస్తకం నా దగ్గర, డబ్బాల పైసలు ఇంకొకరి దగ్గర, తాళంచెవి మూడో ఆయన దగ్గర ఉంటయి. సాయం తీసుకున్నోళ్ల దగ్గర వాపస్ అడగం, అప్పులు అసలే ఇయ్యం. గుప్పెడు బియ్యం కూడా తూకం వేసి కిలోలల్ల రాస్తం, పోయిన నెల నలభై ఒక్క కిలో అయింది.